బతికినవాటి లెక్క

ఇరవై నాలుగు గంటలయ్యాక
గొట్టాన్ని కిటికీ వెలుగుకెత్తి చూస్తాను.
వెనకాల ఔటర్ హార్బర్లో లంగరేసిన ఓడలు.
గొట్టం మూత మీద పంచదార నీళ్ళ దూది.
గంటసేపు మందు కాగితం మధ్య ఉంచి
ఆ తర్వాత రోజంతా తీపి పెట్టడం
మా పనిలో పద్ధతి.

అడుగున పడ్డవి వక్కపొడి నలుసుల్లా ఉన్నాయి.
కాలు కదిపినా సరే
నిలబడలేనిది చచ్చినట్టే రాయాలి.
మిగతావి గాజుగోడకి
తల కిందికి, తోక పైకి,
ముళ్ళు గుచ్చినట్టు వాలి ఉన్నాయి,
నిన్న ఏమీ జరగనట్టు.
వందలో ముప్పై ఎనిమిది.

వీటిని పట్టింది అడవివరం అవతల,
మొల్లి సన్యాసమ్మ గేదెల సాలలో, తెల్లారగట్ల.
ఒక చేతిలో టార్చి, నోట్లో పీల్చే గొట్టం.
"ఏటమ్మా, దోమల్ని ముద్దెట్టుకుంతన్నావేటి?"
అని ఆవిడ పాలచెంబు కింద పెట్టి మరీ నవ్వింది.
నవ్వితే ఊపిరి పట్టు తప్పుతుందని
నేను నవ్వలేదు.

ఇదే సాల దోమలు, పోయిన విడతవి,
జెల్ మీద నీలికాంతిలో గీతలై తేలాయి.
రెండు గీతలుంటే తల్లిదొకటి, తండ్రిదొకటి.
కొన్నిటికి ఒకే గీత. రెండు వైపులా అదే.
అంత పొడవు రాతలో ఒక్క అక్షరం,
ఎ ఉండాల్సిన చోట టి.

నరం గోడలో ఉప్పు రాకపోకలకి ఒక తలుపుంటుంది.
మందు వెళ్ళి అది మూసుకోకుండా చీల కొడుతుంది.
నరం మోగుతూనే ఉంటుంది,
మోగి మోగి దోమ పడిపోతుంది.
అక్షరం మారినచోట చీల సరిగా దిగదు.
తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది,
ఎవరింట్లోనైనా మామూలుగా జరిగినట్టే.

మా నాన్న గుడాల దాలయ్య
ఇరవై ఆరేళ్ళు తలుపుల పక్కన తేదీలు రాశాడు.
భుజాన పంపు, ముక్కుకి తువ్వాలు,
పెందుర్తి, సబ్బవరం, ఆనందపురం,
గోడలన్నీ తెల్లటి డి.డి.టి.
గుమ్మం పక్కన గేరుతో లెక్క: ఐదుకి మూడు.
మిగిలిన రెండూ దేవుడి గది, వంటిల్లు.
"ఆటిల్లోకి ఒద్దు బాబూ" అంటే
అక్కడే ఆగిపోయేవాడు.
జ్ఞానాపురం మా ఇంట్లో ఆయన చొక్కా
ఎప్పుడూ బయట తీగ మీదే.
ఆ వాసనొస్తే నాన్న వచ్చినట్టు.

రెండు మందులకీ తలుపు ఒకటే.
ఆ మాట నేను చదువుకుని తెలుసుకున్నాను,
ఆయనకి చెప్పడానికి ఆరు నెలలు పట్టింది.

మొన్న రాత్రి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుతూ చెప్పాను.
"అయితే ఈటిని నానే పెంచానంతావా?"
కాదన్నాను.
ఆ అక్షరం నువ్వు పంపు పట్టకముందే
ఏదో ఒక దోమలో పొరపాటున పడి ఉంటుంది,
ఎవరూ దిద్దని తప్పులా.
నువ్వు మందు కొట్టావు, మిగతావి పడ్డాయి,
అది నిలబడింది.
దానికి పిల్లలు, వాటికి పిల్లలు,
పది పన్నెండు రోజులకో తరం లెక్కేసుకో.
వేళ్ళ మీద మొదలెట్టి మధ్యలో ఆపేశాడు.
చాలాసేపటికి,
"మరి జొరాలు తగ్గినాయా లేదా ఆ రోజుల్లో?
సబ్బారంలో దుప్పట్ల కింద మంచాలే వణికీవి.
నాను సూసినాను."
తగ్గాయి నాన్నా.
ఇంకోసారి అన్నాను, తగ్గాయి.

తెరలోకి ఒకటి దూరింది.
చప్పట్లు కొట్టి అరచెయ్యి చూపించాడు:
"దీనికింకా ఏ అచ్చరమూ మారలేదు."
అది మురుగుకాలవ దోమ, మలేరియాది కాదు.
నేను చెప్పలేదు.

ఇప్పుడు ఈ ముప్పై ఎనిమిదినీ
ఒక్కొక్కటిగా చిన్న సీసాల్లోకి తీసి
ఫ్రీజర్లో పెట్టాలి.
మందుకి చావనివి చలికి చస్తాయి.
అయినా రిజిస్టర్లో ఆ గడి పేరు బతికినవి.
అంకె వేసి, తేదీ వేస్తున్నాను.
నా ఎనిమిది పైన మూతపడదు.
గోడల మీద నాన్నదీ పడేది కాదు.
ఇది నాకెవరూ నేర్పలేదు.